మూడు నిమిషముల మాట రైతే చెప్పవలెను

అడగనిదే అమ్మయినా అన్నము పెట్టదని మన పెద్దలు చెప్పుదురు. అడుగుట మనకు తెలియని విద్య కాదు. అయితే ఎవరిని, ఏమి, ఎంత, ఎందుకు అడుగుచున్నామో నలుగురి ఎదుట నిలిచి మూడు నిమిషములలో చెప్పుట మాత్రము మనలో చాలమందికి అలవాటు కాలేదు. సేద్యములో ఆరితేరిన రైతు సభలో నిలువగానే తడబడుచున్నాడు. అతని చేను చూచినవారు మెచ్చుకొందురు. అతని మాట విన్నవారు గడియారము చూచుకొందురు. ఈ లోపము చిన్నదిగా కనిపించును గాని దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు.

కొంతకాలము క్రిందట పడమటి మండలములలో జరిగిన ఒక సమావేశమునకు నేను వెళ్లితిని. వేదికపై బ్యాంకు అధికారులు, వర్తకులు కూర్చుండిరి. ఒక్కొక్క రైతు సంఘమునకు ఐదేసి నిమిషములు ఇచ్చిరి. ఒక సంఘము తరఫున అనుభవజ్ఞుడైన పెద్దరైతు లేచినాడు. వేదికపై నున్నవారి నందరిని పేరు పేరున కొనియాడినాడు. తన తండ్రినాటి కరువును, ఎండిన బావిని, నీరు పడని బోర్లను, ధర లేక పారబోసిన టమాటాలను వర్ణించినాడు. అందులో అబద్ధము ఒక్కటియు లేదు. కాని గంట మ్రోగునప్పటికి తమకు ఏమి కావలెనో ఆయన ఇంకను చెప్పలేదు.

సభ ముగిసిన పిదప బయట చింతచెట్టు క్రింద ఆయనను అడిగితిని. "మాకు ఒక షెడ్డు కావాల సార్. కాయ ఏరి, సైజు చేసి పంపితే క్రేటుకు పదో పదైదో మిగులుతాది. ఐదేండ్లలో బాకీ కట్టేస్తాం" అన్నాడు. అంతే, మూడే వాక్యములు! ఆ మాటలే లోపల చెప్పియుండినచో వేదికపై నున్నవారు కలము తీసి వ్రాసికొని యుండెడివారు. ఆనాటినుండి ఈ విషయమును గూర్చి మన రైతు సోదరులతో ముచ్చటింపవలెనని నాకు తోచుచున్నది.

వేలమునకు ముందే మాట

మదనపల్లె టమాటా మార్కెట్టు పేరు తెలియని రైతు లేడు. 2023 జూలైలో అక్కడ కిలో ధర 200 రూపాయల దరిదాపుకు పోయినది. కోత కూలి కూడ రాని ధరలు అదే మార్కెట్టు ఎన్నోమార్లు చూచినది. పండిన టమాటా కొన్ని దినములకు మించి ఆగదు. క్రేట్లు దింపి వేలము ఆరంభమైన తరువాత రైతు ఎంత చక్కగా మాట్లాడినను ధర మారదు. అక్కడ పాట కొనువారిది. మనది నిలిచి చూచుట మాత్రమే.

మరి మన మాటకు విలువ గల చోటు ఏది? వేలమునకు ముందే యున్నది. కాయ నేరి సైజు చేయు షెడ్డు, శీతల గిడ్డంగి, గుజ్జు తీయు యంత్రము, ముందుగా కుదుర్చుకొను కొనుగోలు ఒప్పందము — ఇవి యున్న సంఘమునకు వేలములో కొంత నిబ్బరము కలుగును. ఇవన్నియు ఎవరో ఒకరి ఎదుట నిలిచి అడిగి తెచ్చుకొనవలసినవే. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకమును ఆరంభించి, మైదాన ప్రాంతములలో సంఘమునకు కనీసము 300 మంది సభ్యులుండవలెనని నియమించినది. సభ్యులు కూడబెట్టిన వాటాధనమునకు సమానముగా, మనిషికి 2,000 రూపాయలకు మించకుండ, సంఘమునకు 15 లక్షల వరకు ఇచ్చు ఏర్పాటు చేసినది. అదే సంవత్సరము వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద రెండు కోట్ల వరకు గల అప్పుపై వడ్డీలో 3 శాతము రాయితీ ఏర్పరచినది. చదువుకొన్న యువకులకై రాష్ట్రీయ కృషి వికాస యోజనలో 2018-19 నుండి వచ్చిన కార్యక్రమములో, ఆలోచన దశలో 5 లక్షల వరకు, ఆ పై దశలో 25 లక్షల వరకు సహాయము నిర్ణయించిరి. ఇట్టి వాటి తాజా నిబంధనలను బ్యాంకులోనో వ్యవసాయాధికారి వద్దనో తెలిసికొని యుండవలెను. కాగితములు అన్నిటికిని కావలసినవే. కాని చివరకు ఒకనాడు నలుగురు కూర్చుండి "మీ మాట చెప్పండి" అందురు. పట్నములలోని వర్తక యువకులు ఈ చిన్న ప్రసంగమును 'పిచ్' అని పిలిచి, నెలల తరబడి సాధన చేయుచున్నారు. మనము మాత్రము ఆ ఉదయము బస్సులో ఆలోచించుకొనుచున్నాము.

కంటికి చూపినది మరపునకు రాదు

పుంగనూరు ఆవును చూడుడు. ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లు. మనిషి ప్రక్కన నిలిపినచో వీపు నడుమునకు వచ్చును. పాలలో వెన్న 8 శాతము వరకు ఉండునని ప్రసిద్ధి. ఒకప్పుడు అంతరించిపోవునేమో యనిపించిన ఈ జాతిని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రము వంటివి కాపాడుచు వచ్చినవి. దీనిని గూర్చి ఎన్నో వ్యాసములు వెలువడినవి. అయినను 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసములో ఈ ఆవులకు మేత పెట్టుచున్న చిత్రములు వెలువడిన తరువాతనే దేశమంతట దీని పేరు మారుమ్రోగినది. వ్యాసములు చేయలేని పని ఆ చిత్రములు చేసినవి.

ఇందులో మనకు రెండు పాఠములున్నవి. మొదటిది: సభకు వట్టి చేతులతో పోరాదు. ఏరిన కాయ ఒక బుట్టలో, ఏరని కాయ ఒక బుట్టలో పట్టుకొని పొండు. పట్టుగూళ్లయినచో గుప్పెడు గూళ్లు, నెయ్యి అయినచో చిన్న సీసా. పది వాక్యముల పని ఒక్క చూపుతో తీరును. రెండవది: పొట్టిగా నున్న ప్రతి ఆవు పుంగనూరు ఆవు కాదు. పేరు పెరిగిన వస్తువునకు నకిలీయు పెరుగును. కాబట్టి వినువారు ఈనాడు అనుమానముతోనే విందురు. ఉన్నదానికంటె ఒక్క పిసరు ఎక్కువ చెప్పినను, దొరికిపోయిన దినమున సంఘము పరువే పోవును. తక్కువైనను నిజమైన లెక్కయే చెప్పవలెను.

ఎవరి ఎదుట నిలిచినామో తెలియవలెను

కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోటు. అక్కడి రైతు ఇంట తెలుగు మాట్లాడి, సంతలో తమిళమో కన్నడమో అందుకొనును. ఎదుటివాని భాషలో బేరము చేయుట ఆతనికి పుట్టుకతో వచ్చిన నేర్పు. ఆ నేర్పునే సభలో చూపవలెనని నేను కోరుచున్నాను. బ్యాంకు అధికారికి తెలుగు వచ్చును గాని ఆయన మనసులోని భాష వేరు. "అప్పు ఎట్లు తీరును?" అన్నదే ఆయన ప్రశ్న. బెంగుళూరునుండి వచ్చిన వర్తకునకు మన అప్పుతో పని లేదు. "వారమునకు ఎన్ని టన్నులు, ఒకే సైజు కాయ, తప్పకుండ వచ్చునా?" అనునది ఆయన చింత. ప్రభుత్వాధికారి "ఎంతమందికి మేలు, నిబంధన కుదురునా?" అని చూచును. విషయము ఒక్కటే అయినను ముగ్గురికి మూడు విధములుగా మొదలుపెట్టవలెను. చెప్పేవానికి వినేవాడు లోకువ అని సామెత. సభలో ఈ సామెతను తిరుగవేసికొనవలెను: వినేవాడే పెద్ద.

పల్లవి ఉండవలెను

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు మదనపల్లెకు వచ్చి దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు ఉండిరి. అప్పుడు ప్రధానాచార్యుడుగా నున్న జేమ్స్ కజిన్స్, టాగూరు అక్కడ 'జనగణమన' పాడి వినిపించిన నాటి సంగతి వ్రాసియుంచెను. భాష తెలియనివారికి చరణములలోని దేశముల పేర్లు, నదుల పేర్లు ఒక జాబితావలె వినిపించినవట. కాని పల్లవి రాగానే చెవులు నిక్కినవి. రెండవమారు వచ్చునప్పటికి గొంతులు సవరించుకొనిరి. మరల మరల పాడించుకొని, తామును కలిసి పాడిరి. ఆ పాటకు ఆంగ్లానువాదమును కూడ టాగూరు మదనపల్లెలోనే వ్రాసిరి.

మహాకవి పాటతో మన షెడ్డు మాటకు పోలికయా అని నవ్వకుడు. జాబితా ఎంత గొప్పదైనను క్రొత్తగా వినువాని మనసులో నిలుచునది పల్లవియే. మన ప్రసంగమునకును ఒక పల్లవి కావలెను: ఒక చిన్న వాక్యము, అందులో ఒక అంకె. మొదట ఒకమారు, నడుమ ఒకమారు, చివర ఒకమారు చెప్పవలెను. నిన్నమొన్నటి వరకు పల్లెలలో టముకు వేయువారికి ఈ రహస్యము తెలిసియుండెను. ముందు దెబ్బ, తరువాత సంగతి, తేదీ, చోటు. మరుసటి వీధిలో మరల అదే మాట. ఊరిలో ఎవరిని అడిగినను ఆ సంగతి చెప్పగలిగెడివారు.

ముందు లెక్క, తరువాత మాట

మాట దిద్దుటకు ముందు లెక్క తేల్చవలెను. ఉదాహరణకు 300 మంది టమాటా రైతుల సంఘమును తీసికొందము. అంకెలు ఊహించినవి, మీ లెక్క మీరు వేసికొనుడు.

ఏరని కాయ క్రేటు 300 రూపాయలు పలికినచో 100 క్రేట్లకు 30,000. అవే 100 క్రేట్లు ఏరినచో మొదటి రకము 60 క్రేట్లు 380 వంతున 22,800. రెండవ రకము 30 క్రేట్లు 280 వంతున 8,400. మూడవ రకము 10 క్రేట్లు 100 వంతున 1,000. మొత్తము 32,200. ఏరిన కూలి 800 పోగా 31,400. అనగా క్రేటుకు 14 రూపాయల మిగులు. దినమునకు 400 క్రేట్ల వంతున 100 దినములకు 40,000 క్రేట్లు. సంవత్సరపు మిగులు 5,60,000.

షెడ్డునకు 15 లక్షల అప్పు 9 శాతము వడ్డీకి తెచ్చి, ఐదు సమాన వాయిదాలలో తీర్చినచో ఏటికి సుమారు 3,86,000 కట్టవలెను. మిగిలిన 1,74,000 విద్యుత్తునకు, కాపలాకు, మరమ్మతులకు. ధర పడిపోయి మిగులు సగమైనచో 2,80,000 మాత్రమే చేతికి వచ్చును; వాయిదాకే లక్షకు పైగా తక్కువ పడును. దానికి ఏమి చేయుదురు? సభ్యులు తలకు 1,000 రూపాయలు ముందే జమ చేసియుండినచో 3 లక్షల నిలువ యుండును. ఈ జవాబు లేనిదే సభకు పోరాదు. కీడెంచి మేలెంచవలెనను మాట బ్యాంకు అధికారికి మనకంటె బాగుగా తెలియును.

ఈ లెక్క అంతయు కాగితముపై నుండవలెను, నోట నుండరాదు. నోట నుండవలసినది క్రేటుకు 14 రూపాయలు అన్న ఒక్క ముక్క. ఇప్పుడు మాట ఇట్లుండవచ్చును:

"అయ్యలారా, మేము మదనపల్లె చుట్టుపక్కల టమాటా రైతులము, 300 మందిమి. కాయ ఏరే షెడ్డు కట్టుకోవడానికి 15 లక్షల అప్పు అడగడానికి వచ్చినాము. ఏరి పంపితే క్రేటుకు 14 రూపాయలు మిగులుతుంది. ఆ సొమ్ముతోనే మీ అప్పు తీరుస్తాము.

"ఈ రెండు బుట్టలు చూడండి. రెండూ ఒకే చేని కాయలు. ఇది కోసింది కోసినట్టు ఉంది. ఇది ఏరి పెట్టింది. కొనేవాళ్లు ఈ బుట్టకు ఎక్కువ ఇస్తారు, ఆ బుట్టకు తగ్గిస్తారు. ఏరడానికి నీడ, చోటు లేక మేము ఇన్నాళ్లూ తగ్గింపు ధరకే అమ్ముకున్నాము.

"ఏడాదికి 40,000 క్రేట్లు మా చేతి మీదుగా పోతాయి. క్రేటుకు 14 రూపాయలంటే ఐదున్నర లక్షలు దాటుతుంది. వాయిదా నాలుగు లక్షల లోపే. ధర పడిపోయిన ఏడు మిగులు సగానికి తగ్గవచ్చు. ఆ సంగతి దాచము. అందుకే తలకు వెయ్యి లెక్కన 3 లక్షలు ముందే బ్యాంకులో వేసినాము. అది వాయిదాకు తప్ప వేరే దేనికీ ముట్టము.

"మేము అడిగేది ఒక్కటే, షెడ్డుకు 15 లక్షలు. ఒక దినము మా ఊరికి వచ్చి కాయ చూడండి. క్రేటుకు 14 రూపాయలు, అదే మా పూచీ."

నిదానముగా చెప్పినను ఇది రెండు నిమిషములకు మించదు. మిగిలిన కాలము ప్రశ్నలకు విడువవలెను. కరువు కథ ఇందులో లేదని కొందరికి వెలితిగా తోచవచ్చును. మన కష్టము నిజమే. కాని కష్టము విని జాలిపడువాడు సానుభూతి చూపి పంపును. లెక్క విని నమ్మినవాడు అప్పు మంజూరు చేయును. మనము వచ్చినది దేనికో మరువరాదు.

సాధన

విత్తుటకు ముందు మొలక శాతము చూచుకొందుము గదా. మాటకును అట్టి పరీక్ష కలదు. సంగతి తెలియని ఒకరిని — ఇల్లాలినో, ప్రక్కింటి పిల్లనో — కూర్చుండబెట్టి ఒక్కమారు చెప్పుడు. మరునాడు ఉదయము "నిన్న నేనేమి అడిగితిని? ఎంత?" అని ప్రశ్నింపుడు. రెండును సరిగా చెప్పినచో మొలక వచ్చినట్లే. చెప్పలేకపోయినచో తప్పు వారిది కాదు, మాట మార్చవలెను. చేతిలోని ఫోనులో కాలము చూచికొని కనీసము పదిమార్లు నిలబడి చెప్పుడు. కూర్చుండి చదివిన మాట నిలబడినప్పుడు తప్పిపోవును. కాగితము చూచి చదువకుడు. మొదటి వాక్యము, చివరి వాక్యము కంఠస్థము చేసి, నడుమ మీ సొంత మాటలలో చెప్పుడు. వేదికపై వారికి ఒక్క నమస్కారము, ఒక్క వాక్యము చాలును. రాదగిన ప్రశ్నలు మూడు ముందే ఊహించుకొనుడు. తెలియని ప్రశ్న వచ్చినచో "కనుక్కొని రేపు చెప్పుదుము" అనుట సిగ్గు కాదు.

సంఘములో ఎవరు మాట్లాడవలెనన్నదియు ముఖ్యమే. అధ్యక్షుడే లేవవలెనను శాసనము లేదు. కాయ నేరు పని చాలచోట్ల స్త్రీలదే. ఏ కాయ ఏ రకమో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. పొదుపు సంఘములలో లెక్కలు చెప్పి, బ్యాంకులతో మాట్లాడి అలవాటు పడిన సోదరీమణులు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారిని ముందుకు రానిండు.

కొందరు "సరుకు మంచిదైన అదే మాట్లాడును, మనమేల మాట్లాడవలెను?" అందురు. క్రేటులోని టమాటా ఎన్నడును మాట్లాడలేదు; దాని తరఫున ఇంతవరకు కొనువారే మాట్లాడినారు. మరికొందరు "రిపోర్టు వ్రాసినవారే వచ్చి చెప్పుదురు" అని వెనుకకు తగ్గుదురు. వ్రాయుటకు తెలిసినవారి సహాయము తప్పక తీసికొనవలెను. కాని అప్పు తీర్చవలసినది వారు కాదు. తీర్చువాని నోట విన్న మాటకే నమ్మకము. మన మాట ఇతరులకు అప్పగించినచో, కొంతకాలమునకు మన బేరమును వారే చేయుదురు.

గ్రామాధికారులకు ఒక మనవి. రైతు తడబడినపుడు మైకు అందుకొని అతని మాట మీరు చెప్పుటకు మనసొప్పును. అది ఉపకారము కాదు. సభకు వారము ముందు రైతు సేవా కేంద్రములో ఒక సాయంకాలము వారిని నిలువబెట్టి, మీరే బ్యాంకు అధికారులై కఠినమైన ప్రశ్నలు వేయుడు. అక్కడ తడబడినచో నష్టము లేదు. మీరు ఏర్పాటు చేయు సభలలోను స్వాగతోపన్యాసములు తగ్గించి, రైతునకు ఆ కాలము మిగుల్చుడు.

మాటలు కోటలు దాటినను కాళ్లు గడప దాటవని మన పెద్దలు వట్టి మాటకారులను ఎగతాళి చేసిరి. మన రైతు సంగతి దీనికి తలక్రిందులు. అతని కాళ్లు తెల్లవారకముందే గడప దాటి చేనికి పోయినవి. మాట మాత్రము ఇంకను లోపలనే నిలిచినది. చింతచెట్టు క్రింద ఆ పెద్దరైతు నాతో పలికిన మూడు వాక్యములు వేదిక ఎక్కిన దినమున, ఆయన అడిగిన షెడ్డు గూర్చి అధికారులు మొదటిసారి లెక్కలు వేయుదురు. రాబోవు సభకు ఇంకను కొంత వ్యవధి యున్నది. ఈ రాత్రియే భోజనము తరువాత ఇంటివారి ఎదుట ఒకమారు నిలబడి చెప్పి చూడుడు.